ఖాళీ బస్సు, పాత మియాటా

గ్లెన్‌వుడ్ కాన్యన్‌లో ఐ-70 హైవే చాలాచోట్ల నేల మీద ఉండదు. ఒక పక్క కొలరాడో నది, ఇంకో పక్క నిలువెత్తు రాతిగోడ. ఆ ఇరుకులో స్తంభాల మీద వంతెనలా సాగిపోతుంది. 1992లో పూర్తయిన ఈ ముక్కని ఇంజనీర్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు, చెప్పుకోదగ్గదే. కాకపోతే వంతెనలన్నాక అతుకులుంటాయి. కొత్త కార్లలో వాటి చప్పుడు వినపడి ఊరుకుంటుంది. నా పాత మియాటాలో ముందు చక్రాలు అతుకెక్కితే ‘టక్’, వెనక చక్రాలు ఎక్కితే ‘ఢక్’. ఆ రెండోది నేరుగా నడుములోకి. పక్క సీట్లో బాబాయ్ కళ్ళు మూసుకుని ఆ ఢక్‌లనే వింటున్నారు.

“వెనక ఎడమది పోయిందమ్మాయ్. కుడిది కొన ఊపిరితో ఉంది” అన్నారు కాసేపటికి.

బాబాయ్ ఆర్టీసీ డిపో గరాజ్‌లో చేరి అక్కడే రిటైరయ్యారు. డెన్వర్‌లో కొడుకు దగ్గరికి వచ్చి, ఇంట్లో ఊరికే కూచోలేక, నేను కారు పని మీద గ్రాండ్ జంక్షన్ వెళ్తున్నానని తెలియగానే బ్యాగు సర్దుకుని గుమ్మంలో నిలబడ్డారు. “కారు పని” అన్న మాటకే వచ్చారు. దారిలో కొండలున్నాయని, కాన్యన్ చూడదగ్గదని నేను చెప్పినవేవీ ఆయన చెవికి ఎక్కలేదు.

ఈ మియాటా గురించి కాస్త చెప్పాలి. మజ్దా దీన్ని 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటపెట్టింది. మొదటి తరం కారు బరువు టన్నుకు కాస్త తక్కువే. 1.6 లీటర్ల ఇంజను, 116 గుర్రాల బలం, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. స్పోర్ట్స్ కారే గాని దీన్ని తయారుచేసినవాళ్ళు నడుము విరగ్గొట్టే ఉద్దేశంతో చేయలేదు. 14 అంగుళాల చిన్న చక్రాలు, బొద్దు టైర్లు, మెత్తని స్ప్రింగులు. మలుపులో కాస్త ఒరిగి, అక్కడ కుదురుకుంటుంది. ఆ ఒరగడం నాకిష్టం. చక్రం మీద భారం ఎంత పడిందో అదే చెబుతుంది. నాకంటే ముందు దీన్ని నడిపినవాళ్ళెవరో చక్రానికీ ఫెండరుకీ మధ్య సందు ఎక్కువుందని పొట్టి స్ప్రింగులు వేయించారు. షాకబ్జర్లు మాత్రం పాతవే ఉంచేశారు. అప్పట్నుంచి ఇది చూపుకి రేసు కారు, నడకకి ఎడ్లబండి.

గ్రాండ్ జంక్షన్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. మెషినిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర ఇదే తరం మియాటాలు రెండున్నాయి, ఒకటి ఎత్తు సర్దుకునే కాయిలోవర్ స్ప్రింగుల మీద, ఇంకోటి ఒరిజినల్ ఎత్తులోనే బిల్‌స్టీన్ షాకబ్జర్ల మీద. రెండూ ఎక్కి చూసి అప్పుడు కొనుక్కోమన్నారు. సస్పెన్షన్ సామాను కేటలాగుల్లో ప్రతి స్ప్రింగూ “స్పోర్టీ, అయినా సౌకర్యం”గానే ఉంటుంది. ఆ మాటకి కొలత లేదు గనక, రోడ్డు మీద కూర్చుని చూడటమే దారి.

ఉదయం ఐజన్‌హవర్ టన్నెల్ దగ్గర, 11,000 అడుగుల పైన, గాలి పలచబడి ఇంజను బలంలో దాదాపు మూడో వంతు పోయింది. లారీల వరసలో మూడో గేరులో ఈదుకుంటూ ఎక్కాం. వెయిల్ పాస్ దిగేటప్పుడే అసలు జబ్బు బయటపడింది. రోడ్డు మీద చిన్న అలలాంటి ఎత్తుపల్లాలు వస్తే కారు ముక్కు లేపుతుంది, దించుతుంది, మళ్ళీ లేపుతుంది. పక్కన వెళ్తున్న పికప్ ట్రక్కుకి అదే రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు.

కాన్యన్‌లో గ్రిజ్లీ క్రీక్ రెస్ట్ ఏరియా దగ్గర ఆపాం. బాబాయ్ నది వైపు చూడనే లేదు. కారు చుట్టూ తిరిగి ఒక్కో మూల ఫెండరు మీద రెండు చేతులూ ఆనించి, బరువంతా వేసి నొక్కి వదిలారు. ముందు రెండు మూలలూ ఒకసారి పైకి లేచి కొంచెం దిగి ఆగాయి. వెనక ఎడమ మూల లేచి, దిగి, మళ్ళీ లేచింది.

“చూశావా? షాకబ్జరు పట్టడం లేదు. నూనె కూడా కారి ఎండిపోయింది.” ఫోను లైటు వేసి చూస్తే నిజంగానే గొట్టం మీద నల్లటి జిడ్డు చార.

“కొత్త షాకబ్జర్లేస్తే సరిపోతుందంటారా?”

“సగం సరిపోతుంది.” అక్కడి బల్ల మీద కూచుని మొదలుపెట్టారు. “మా డిపోలో రాత్రి చివరి ట్రిప్పుకి బస్సులో నలుగురుంటారు. ఎగిరెగిరి పడుతుంది, నిద్ర పట్టదు. పొద్దున్నే అదే బస్సు అరవై మందితో పోతే అందరూ కునికిపాట్లే. కమాన్లు అవే, గుంతలు అవే. తేడా ఎక్కడుంది?”

తేడా బరువులో ఉంది. డ్రైవింగ్ సౌకర్యం గురించి ఇంజనీర్లు రాసే లెక్కల్లో మొదటి లెక్క ఇదే. స్ప్రింగు మీద కూర్చున్న బరువు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్నది స్ప్రింగు బిగువుని బరువుతో భాగించి తీసిన వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. బరువు పెరిగితే ఊపు నెమ్మదిస్తుంది. దీన్నే ఇంకోలా, లెక్కలు రానివాళ్ళకి కూడా పనికొచ్చేలా చెప్పొచ్చు. కారు తన బరువుకి తాను చక్రం దగ్గర ఎంత కుంగుతుందో చూడండి. 25 సెంటీమీటర్లు కుంగే కారు సెకనుకు ఒకసారి ఊగుతుంది. 11 సెంటీమీటర్లయితే ఒకటిన్నర, 6 అయితే రెండు. మామూలు కుటుంబం కార్లు ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉంటాయి. రెండు దాటాయంటే రేసు ట్రాక్ దగ్గరకొచ్చినట్టే. మనిషి నడకలో ఒళ్ళు కదిలే వేగం కూడా సెకనుకు రెండు లోపే గనక, తక్కువ ఊపులు మనకి అలవాటైనవి. ఊపు త్వరపడేకొద్దీ పొట్ట, మెడ సణగడం మొదలుపెడతాయి.

అంటే స్ప్రింగు ఎంత మెత్తగా ఉంటే అంత సుఖమనా? అక్కడే మెలిక. మెత్తటి స్ప్రింగుకి కుంగడానికి జాగా కావాలి. చిన్న స్పోర్ట్స్ కారులో ఆ జాగా లేదు. బస్సు కింద ఉన్నంత చోటు మియాటా కింద ఎక్కడిది? పైగా పొట్టి స్ప్రింగులేసి ఉన్న చోటు కూడా తినేశారు.

గ్రాండ్ జంక్షన్ చేరాక అది కళ్ళతోనే చూశాం. డెన్వర్‌లో బయల్దేరే ముందు వెనక షాకబ్జరు కడ్డీకి ఒక ప్లాస్టిక్ జిప్-టై బిగించి కిందికి జరిపి పెట్టాను. కారు కుంగినప్పుడు షాకబ్జరు గొట్టం దాన్ని పైకి తోస్తుంది, తిరిగి కిందికి లాగదు. ప్రయాణంలో ఎక్కువలో ఎక్కువ ఎంత కుంగిందో దాన్ని చూస్తే తెలుస్తుంది. పెద్దాయన గరాజ్‌లో చక్రం విప్పి చూస్తే జిప్-టై పైన, కుంగుడుని చివర ఆపే రబ్బరు బంప్ స్టాపులో కూరుకుపోయి ఉంది. ఆ బంప్ స్టాపు ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. నిలబడి ఉన్న కారుకీ ఆ స్టాపుకీ మధ్య మిగిలిన సందు నా బొటనవేలంత. కాన్యన్‌లో విన్న ఢక్ అదే. స్ప్రింగుతో ప్రయాణం మొదలై, ఆ కాస్త సందు దాటగానే ఇనుముకి ఇనుము తగులుతోంది. మొదటి తరం మియాటాకి పుట్టుకతోనే ఈ ఇబ్బంది కొంత ఉంది. అందుకే 1999 మోడల్‌గా వచ్చిన రెండో తరంలో మజ్దా పైన బిగించే టాప్ మౌంట్లని మార్చి షాకబ్జరుకి ఇంకాస్త చోటిచ్చింది. ఆ మౌంట్లు పాత కార్లకీ అమర్చుకోవచ్చు. నేను ఒక సెట్టు కొని వెంట తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కొలరాడో నేషనల్ మాన్యుమెంట్‌కి వెళ్ళాం. ఊరి పక్కనే ఎర్ర రాతి కొండల అంచు మీద 23 మైళ్ళ రిమ్ రాక్ డ్రైవ్. చాలావరకూ 1930లలో నిరుద్యోగ యువకుల చేత పార్కుల్లో పని చేయించిన ప్రభుత్వ పథకం కింద తవ్విన రోడ్డు. వేగం తక్కువ, మలుపులెక్కువ. చాలాచోట్ల అంచుకీ లోయకీ మధ్య ఏ అడ్డూ లేదు. సస్పెన్షన్ చూడ్డానికి మంచి రోడ్డే గాని డ్రైవరు చూడాల్సినవి వేరే చాలా ఉన్నాయి. అందుకని పెద్దాయన నడిపారు, మేం వంతులేసుకుని పక్కన కూర్చున్నాం.

మొదట కాయిలోవర్ల కారు. ముందు మిల్లీమీటరుకు 8 కిలోలు, వెనక 6 కిలోల స్ప్రింగులు. అమెరికా లెక్కలో అంగుళానికి 450, 335 పౌండ్లు. మలుపులో ఒరగడమన్నది లేదు. స్టీరింగ్ తిప్పడం, కారు తిరగడం ఒకేసారి జరుగుతున్నాయి. నున్నటి రోడ్డు ఉన్నంతసేపూ దీన్నే కొనేద్దామనిపించింది. తారులో పగుళ్ళు పడిన చోట మాత్రం అద్దాలు, సీటు, నా పలువరస అన్నీ ఒకే శ్రుతిలో వణికాయి. దీన్ని తిట్టను. పార్కింగ్ లాట్‌లో కోన్ల మధ్య గడియారంతో పందెం వేసే ఆటోక్రాస్ కోసం ఆయన కట్టుకున్న కారిది, ఆ పనికి సరైనదే. ఇంటికొచ్చాక లెక్కేస్తే దాని ముందు ఊపు సెకనుకు రెండు పైనే తేలింది.

రెండోది బిల్‌స్టీన్ కారు. స్ప్రింగులు మజ్దావే, షాకబ్జర్లు మాత్రం పసుపురంగు మోనోట్యూబులు. ఒకే గొట్టంలో నూనె, అడుగున గట్టి ఒత్తిడితో గ్యాసు, మధ్యలో తేలే పిస్టను. ఈ పద్ధతి ఫ్రెంచి ఇంజనీరు దె కార్బన్‌ది. బిల్‌స్టీన్ కంపెనీ 1957లో మెర్సిడెస్ కార్లకి ఇవ్వడంతో ఇది మామూలు కార్లలోకి వచ్చింది. మామూలు రెండు గొట్టాల షాకబ్జరులో కష్టం పెరిగితే నూనె, గాలి కలిసి నురగవుతుంది. నురగకి పట్టు ఉండదు. మోనోట్యూబులో గ్యాసు వేరు, నూనె వేరు గనక ఎంతసేపు ఎగరేసినా పట్టు తప్పదు. మజ్దాయే 1994 నుంచి ఆర్ ప్యాకేజీ మియాటాలకి బిల్‌స్టీన్లు పెట్టి అమ్మింది. ఈ కారులో చిన్న పగుళ్ళ అంచులు కాస్త పదునుగానే తెలిశాయి, అది ఆ గ్యాసు ఒత్తిడి పుణ్యం. కానీ పెద్ద ఎత్తుపల్లం వస్తే కారు ఒక్కసారే లేచి, ఒక్కసారే దిగి ఊరుకుంది.

బాబాయ్ దిగి తలుపేస్తూ “ఇది బస్సు” అన్నారు. ఆయన నోట అది మెచ్చుకోలు.

ఆ మధ్యాహ్నం గరాజ్‌లో బల్ల చుట్టూ చేరాం. పెద్దాయనకి తెలుగు రాదు, బాబాయ్‌కి ఆయన ఇంగ్లిషు అందదు. నేను నీళ్ళు తెచ్చేలోపు ఇద్దరూ కాగితం మీద కమాను పట్టీల బొమ్మ గీసుకుంటున్నారు. పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడే బస్సుకి సగం షాకబ్జరు పని చేస్తుందని బాబాయ్ రెండు అరచేతులూ రుద్ది చూపిస్తున్నారు. పెద్దాయన తలూపుతున్నారు.

బిల్‌స్టీన్లు, ఒరిజినల్ స్ప్రింగులు కొనుక్కుని ఇంటికి పోవచ్చు. పాత మియాటాని సుఖంగా నడుపుకోవాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పే సలహా ఇప్పటికీ అదే. బిల్‌స్టీన్లలో ఒరిజినల్ ఎత్తుకి బి6, కొంచెం దించిన కారుకి పొట్టి ఒళ్ళున్న బి8 తీసుకోవాలని మాత్రం గుర్తుంచుకోవాలి. పొడుగు షాకబ్జరు మీద పొట్టి స్ప్రింగు వేస్తే నా కారు కథే. నన్ను వేరే వైపు లాగింది వెయిల్ పాస్ మీద ముక్కు ఎగరేసిన ఆ జబ్బు.

దాని మందు 1930లలోనే దొరికింది. రోల్స్ రాయిస్ నుంచి క్యాడిలాక్‌కి వచ్చిన బ్రిటిష్ ఇంజనీరు మారిస్ ఒల్లీ, బరువుల్ని అటూ ఇటూ జరపగలిగే ఒక కారు కట్టి, అందులో మనుషుల్ని కూర్చోబెట్టి చూశాడు. గతుకు ముందు చక్రాలకి తగిలాక కాస్త ఆలస్యంగా వెనక చక్రాలకి తగులుతుంది. మియాటా చక్రాల మధ్య దూరం 2,265 మిల్లీమీటర్లే. 65 మైళ్ళ వేగంలో ఆ ఆలస్యం సెకనులో వందకు ఎనిమిది వంతులు. ఆలస్యంగా మొదలైన వెనక భాగం ముందు భాగం కంటే నెమ్మదిగా ఊగితే రెండూ ఎప్పటికీ కలవవు, కారు ముక్కూ తోకా ఎగరేస్తూనే ఉంటుంది. వెనక ఊపు ముందుదానికంటే కొంచెం చురుగ్గా ఉంటే ఒక్క ఊపులోనే అందుకుంటుంది. కారంతా చదునుగా లేచి చదునుగా దిగుతుంది. చదునైన ఆ ఊపు మనిషికి బాధ అనిపించదు. మార్కెట్లో దొరికే స్ప్రింగుల సెట్లలో ఎక్కువ భాగం వెనక కంటే ముందు బాగా బిగువు. అవి మలుపుల కోసం లెక్కేసినవి.

బిగువు మనకి కావలసింది చక్రం దగ్గర, స్ప్రింగు కూర్చునేది సస్పెన్షన్ ఆర్మ్ మధ్యలో. జాకీతో ముందు చక్రాన్ని అంగుళం లేపి చూస్తే షాకబ్జరు అంగుళంలో పదికి ఏడు వంతులే కదిలింది. ఏడేళ్ళు నలభై తొమ్మిది, అంటే స్ప్రింగు బిగువులో సగమే చక్రానికి అందుతుంది. వెనక కొంచెం ఎక్కువ. ఈ లెక్కతో ముందు 250, వెనక 225 పౌండ్ల స్ప్రింగులు పెడితే ముందు ఊపు ఒకటిన్నర పైన, వెనక ఊపు దానికంటే ఒక పిసరు ఎక్కువ వచ్చాయి. ఒరిజినల్ కంటే బిగువే. అయినా బిగువైన స్ప్రింగు నిలబడే బరువుకి తక్కువ కుంగుతుంది, కుంగడానికి మిగిలే చోటు పెరుగుతుంది. చోటు మిగిలితే బంప్ స్టాపు దాకా పోదు. సుఖం పోయేది అక్కడే గనక, కొంచెం బిగువు పెంచి చోటు కొనుక్కున్నాను.

పెద్దాయన షెల్ఫులో రెండున్నర అంగుళాల లోపలి వ్యాసం ఉన్న స్ప్రింగులు రకరకాల బిగువుల్లో వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని ఆయన కొత్త ధరలో సగానికి ఇచ్చారు. స్ప్రింగు వాడేకొద్దీ మెత్తబడుతుందని బాబాయ్‌తో సహా చాలామంది నమ్మకం. తీగ మందం, చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య, లోహం రకం, ఈ నాలుగే బిగువుని నిర్ణయిస్తాయి. పాతబడితే ఎత్తు కాస్త కుంగుతుంది గాని అవేవీ మారవు. తీగ మందం పదో వంతు పెరిగితే మాత్రం బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లు, అందుకే తుప్పు తిన్న స్ప్రింగుని ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. పొడవు దగ్గర పెద్దాయన మొండిపట్టు పట్టారు. మెత్తటి స్ప్రింగు పొట్టిదైతే పూర్తిగా కుంగకముందే చుట్టుకి చుట్టు కరుచుకుంటుంది. ఒక్కోదాన్ని వైసులో నొక్కి కొలిచి, ముందుకి రెండు మార్పించారు.

షాకబ్జర్లుగా కోనీలు. హాలండ్ సామాను, ఇదీ పసుపే. కోనీలో తల మీద చిన్న మరతో తిరుగుడు వేగాన్ని, అంటే కుంగిన స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని మాత్రమే బిగించుకోవచ్చు. కుంగే వైపు మారదు. నా స్ప్రింగులు ఏ కంపెనీ సెట్టుకీ చెందనివి గనక, దానికి తగ్గట్టు తిప్పుకునే వీలు నాకు అవసరం.

బిగింపు పని గురించి రెండే మాటలు. ముందువైపు పై ఆర్మ్ పొడవాటి బోల్టు తీసి సందు చేసుకోవాల్సి వచ్చింది, అది తుప్పు పట్టి సాయంత్రం మొత్తం తినేసింది. రెండోది చాలా గరాజుల్లో పట్టించుకోనిది. ఆర్మ్‌ల రబ్బరు బుష్షుల బోల్టుల్ని కారు గాల్లో ఉండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి తనే ఒక స్ప్రింగవుతుంది. కొన్నాళ్ళకి చిరుగుతుంది కూడా. ర్యాంపుల మీద నాలుగు చక్రాల బరువూ పడ్డాక బాబాయ్ కిందికి దూరి, ఒక్కో బోల్టూ వదులు చేసి మళ్ళీ బిగించారు. ఆయన్ని ఆపే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

తిరుగు ప్రయాణం వేరే దారిన పెట్టుకున్నాం. 65వ నంబరు రోడ్డు ఎక్కి గ్రాండ్ మీసా. ఎడారి ఎరుపులోంచి గంటలోపే స్ప్రూస్ చెట్లలోకి, చిన్న చిన్న సరస్సుల మధ్యకి, 10,000 అడుగుల పైకి. చలికాలంలో తారు కింద నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి, ఎండాకాలానికి రోడ్డు అలలు తేలి ఉంటుంది. నాకు కావలసిన రోడ్డే. కోనీల మరలు పూర్తి వదులుగా మొదలుపెట్టాను. మొదటి అలకే మెత్తగా లేచింది, కానీ రెండో అల వచ్చేసరికి ఇంకా మొదటి ఊపులోనే ఉంది. ఆపి, బానెట్టూ డిక్కీ తెరిచి నాలుగు మరలూ అర చుట్టు తిప్పాను. ఇప్పుడు ఒక్కో అలనీ ఒక్కో అలగానే తీసుకుంది, ముక్కు ఎగరడం పోయింది.

బాబాయ్‌కి ఆ మర తెగ నచ్చింది. ఇంకో అర చుట్టు తిప్పి చూద్దామన్నారు. తిప్పితే ఏమవుతుందో ఆయనకి చూపించాలని సరేనన్నాను. వరసగా గతుకులున్న చోట కారు మొదటి గతుక్కి కుంగి, సాగే తీరిక లేక, రెండోదానికి ఇంకొంచెం కుంగి, నాలుగో గతుక్కి మళ్ళీ బంప్ స్టాపు మీదే కూచుంది. స్ప్రింగు ఎంత మంచిదైనా షాకబ్జరు దాన్ని తిరిగి సాగనివ్వకపోతే కారు మెట్టుమెట్టుగా కిందికి దిగిపోతుంది. బయటినుంచి చూసేవాళ్ళు స్ప్రింగు గట్టిగా ఉందనుకుంటారు. “వెనక్కి తిప్పెయ్ తిప్పెయ్” అన్నారు బాబాయ్ సీటు పట్టుకుని.

డెల్టా దాటి 50వ నంబరు హైవే, గన్నిసన్, 11,312 అడుగుల మోనార్క్ పాస్. అక్కడ చెప్పుకోవాల్సిందేమీ జరగలేదు, కారు విషయంలో అదే పెద్ద వార్త. బాబాయ్ పాస్ ఎక్కేటప్పుడు నిద్రపోయి, దిగేదాకా లేవలేదు.

ఫెయిర్‌ప్లేలో పెట్రోలు కోసం ఆగినప్పుడు దిగి, వెనక ఎడమ ఫెండరు మీద చేతులేసి నొక్కి వదిలారు. లేచి, ఆగింది. అప్పుడు ఒక సందేహం.

“నేను ఊరెళ్ళిపోయాక నువ్వు ఒక్కదానివే నడుపుతావు. నా బరువు తగ్గుతుంది. అప్పుడిది ఖాళీ బస్సవుతుంది కదమ్మా? వెనక పాతిక పౌండ్లు తక్కువ స్ప్రింగు తెచ్చుకోవాల్సింది.”

పంపు దగ్గరే ఫోనులో లెక్కేశాను. స్ప్రింగుల మీద కూర్చున్న మొత్తంలో ఆయన బరువు వందకు ఏడు వంతులు. వర్గమూలం తీస్తే ఊపులో తేడా వందకు నాలుగు లోపే.

“నడుముకి తెలీదు బాబాయ్.”

“నడుముకి తెలియని దానికి ఇన్ని లెక్కలెందుకేశావమ్మా మరి?” అని, అలైన్‌మెంటు ఇంకా చేయించలేదు గనక స్టీరింగు కుడికి లాగుతోందని, అరవై దాటొద్దని చెప్పి సీట్లో కూచున్నారు.